టీవీలో చీటీ రాసిన డాక్టరు

(హౌస్ సర్జన్‌షిప్ మొదలుపెడుతున్న విద్యార్థుల సభలో ఒక విశ్రాంత జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వైద్య నీతి మీద ఏదైనా చెప్పండి అని ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. ఏదైనా అంటే నాకు చేతకాదు. ఒక్క విషయమే మాట్లాడతాను. డాక్టరు తన పేరును, ముఖాన్ని ఒక మందు ప్రకటనకు ఇవ్వవచ్చా? ఇవ్వకూడదని నా అభిప్రాయం. ముందే చెప్పేస్తున్నాను. ఆ మందు మంచిదే అయినా, ప్రకటనలో ప్రతి మాటా నిజమే అయినా ఇవ్వకూడదు. ఎందుకన్నది కొంచెం నిదానంగా చెప్పాలి.

2007లో మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్లాం. అప్పుడే మా వియ్యంకుడు గారు కూడా వచ్చి ఉన్నారు. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. సాయంత్రం ఇద్దరం టీవీ ముందు కూర్చునేవాళ్లం. అక్కడ వార్తల మధ్య వచ్చేవి సబ్బుల ప్రకటనలు, కార్ల ప్రకటనలే కాదు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల ప్రకటనలు కూడా వస్తాయి. మన వాళ్లు పిల్లల దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆశ్చర్యపోయే సంగతుల్లో ఇదొకటి. ప్రపంచంలో అమెరికా, న్యూజిలాండ్ ఈ రెండు దేశాలే ఇలాంటి ప్రకటనలను జనానికి నేరుగా చూపించనిస్తున్నాయి. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో నిబంధనలు సడలించింది. టీవీలు వీటితో నిండిపోయింది ఆ తర్వాతే.

ఒక ప్రకటన మా ఇద్దరికీ బాగా గుర్తుండిపోయింది. ప్రశాంతమైన సరస్సు, సన్నటి పడవ, బలంగా తెడ్లు వేస్తున్న ఒక మనిషి. తర్వాత ఒక పెద్దాయన ముఖం కనిపిస్తుంది. నేను డాక్టర్ని, అయినా నా కొలెస్ట్రాల్ గురించి నాకూ దిగులుంటుంది, అందుకే నేను లిపిటార్ వేసుకుంటాను అన్నది ఆ మాటల సారాంశం. ఆయన రాబర్ట్ జార్విక్. కృత్రిమ గుండె కనిపెట్టిన మనిషిగా పరిచయం చేశారు.

మా వియ్యంకుడు గారు నా వైపు తిరిగి, "బావగారూ, గుండెనే తయారుచేసినాయన స్వయంగా అది వేసుకుంటున్నాడు. మీరు నాకు రాసింది వేరే కదా? వెళ్లేటప్పుడు ఇక్కడే ఒక ఆర్నెల్లకు సరిపడా కొనుక్కుందామా?" అన్నారు. ఆయన మందుల డబ్బా తెప్పించి, స్ట్రిప్పు వెనక్కి తిప్పి, పేరు కింద చిన్న అక్షరాలు చదివించాను. అటోర్వాస్టాటిన్. లిపిటార్ అన్నా అదే. మన దేశంలో అప్పటికే బోలెడు కంపెనీలు ఆ మందును తక్కువ ధరకు తయారుచేస్తున్నాయి. ఆయన సరేనన్నారు. రెండు రోజుల తర్వాత భోజనాల దగ్గర మళ్లీ, "అదీ ఇదీ ఒకటేనంటారు, ఖాయమేనా బావగారూ?" అని అడిగారు. ఐదేళ్లుగా నా మాట మీద ఆ మాత్ర మింగుతున్న మనిషి అలా అడిగాడు. ఒక్క నిమిషం ప్రకటన ఆ నమ్మకాన్ని కదిలించింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఇండియాకి వచ్చాక ఆ జార్విక్ సంగతి పట్టుకుని చదివాను. మరుసటి ఏడు ఆ కథ మొత్తం బయటికొచ్చింది.

ఆయన చిన్న మనిషి కాదు. అది ముందు చెప్పాలి. 1982 డిసెంబరు 2న సాల్ట్ లేక్ సిటీలో, యూటా విశ్వవిద్యాలయంలో, బార్నీ క్లార్క్ అనే రిటైర్డ్ దంతవైద్యుడికి శాశ్వతంగా ఉండేలా కృత్రిమ గుండె అమర్చారు. సర్జన్ విలియం డివ్రీస్. ఆ గుండె పేరు జార్విక్-7. క్లార్క్ 112 రోజులు బతికారు. ప్రపంచమంతా పేపర్లలో ఆ వార్త చదివింది, నేనూ చదివాను. అలాంటి పనిలో పాలుపంచుకున్న మనిషి పేరుకు ఎంత బరువుంటుందో ఊహించుకోండి. లిపిటార్ తయారుచేసే ఫైజర్ కంపెనీ కొనుక్కున్నది ఆ బరువునే. రెండేళ్ల ఒప్పందానికి కనీసం 13.5 లక్షల డాలర్లు.

2008 జనవరిలో అమెరికా ప్రతినిధుల సభ ఇంధన, వాణిజ్య కమిటీ ఈ ప్రకటనల మీద విచారణ మొదలుపెట్టింది. కమిటీ అధ్యక్షుడు జాన్ డింగెల్. అప్పుడు ఒక్కొక్కటే తెలిసింది. జార్విక్‌కు 1976లో వైద్య పట్టా వచ్చింది, నిజమే. కానీ ఆయన ఇంటర్న్‌షిప్ చేయలేదు, ఆ తర్వాత ఆసుపత్రిలో చేసే రెసిడెన్సీ శిక్షణా చేయలేదు. రోగులకు వైద్యం చేయడానికి లైసెన్సు లేదు. పిల్లలూ, ఇవాళ మీరు మొదలుపెడుతున్న ఈ ఏడాది ఉందే, సరిగ్గా అదే ఆయన చేయలేదు. చట్టం ప్రకారం ఒక్క రోగికి కూడా లిపిటార్ చీటీ రాసివ్వలేని మనిషి, దేశం మొత్తానికి టీవీలో దాన్ని సిఫార్సు చేశారు. ఆ మాత్ర వేసుకోవడం కూడా కంపెనీతో ఒప్పందం కుదిరాకే మొదలుపెట్టారు. సరస్సులో తెడ్లు వేసింది ఆయన కాదు, వేరే మనిషి. కృత్రిమ గుండె కనిపెట్టింది ఆయనొక్కడే అన్నట్టు చూపడం సరికాదని, విలెం కాల్ఫ్, తెత్సుజో అకుత్సు లాంటి వాళ్లు అంతకుముందే ఆ దారి వేశారని, యూటాలోని ఆయన పాత సహచరులే కంపెనీకి రాశారు. దాంతో మాటలు కొంచెం మార్చారు కూడా. చివరికి 2008 ఫిబ్రవరి 25న ఫైజర్ ఆ ప్రకటనలన్నీ ఆపేసింది. జార్విక్‌ను చూపించిన తీరు వల్ల జనానికి తప్పు అభిప్రాయం కలిగిందని ఒప్పుకుంది.

అప్పటికి లిపిటార్ ప్రకటనల మీద రెండేళ్లు కూడా నిండకుండా 25.8 కోట్ల డాలర్లు ఖర్చు చేశారు. 2007 ఒక్క ఏడాదిలో ఆ మాత్ర అమ్మకాలు 1,270 కోట్ల డాలర్లు. అంత తొందర ఎందుకంటే, 2006 జూన్‌లో అదే కుటుంబానికి చెందిన సిమ్వాస్టాటిన్ మీద పేటెంట్ తీరిపోయి చవకగా దొరకడం మొదలైంది. చాలామంది రోగులకు సిమ్వాస్టాటిన్ సరిపోతుంది. కొలెస్ట్రాల్ బాగా దించాల్సిన వాళ్లకు అటోర్వాస్టాటిన్ అవసరం. ఎవరికి ఏది అన్నది మనిషిని చూసి, రిపోర్టు చూసి, జేబు కూడా చూసి తేల్చాల్సిన విషయం. దాన్ని సరస్సు, పడవ, ఒక పెద్దమనిషి ముఖం తేల్చేశాయి.

ఇప్పుడు ఒక అంకె గురించి చెప్పాలి. ఇది మీరు జీవితాంతం గుర్తుపెట్టుకోవాల్సింది. లిపిటార్ గుండెపోటు ప్రమాదాన్ని 36 శాతం తగ్గిస్తుందని ఆ ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేశారు. పక్కన చిన్న చుక్క గుర్తు. కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో దాని వివరణ. ఆ అంకె అబద్ధం కాదు. 2003లో వచ్చిన ఆస్కాట్ అనే పెద్ద అధ్యయనం నుంచి తీసుకున్నది. 10,305 మందిని తీసుకుని, సగం మందికి 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్, మిగతా వాళ్లకు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి, మూడేళ్లకు పైగా చూశారు. ఉత్త మాత్ర వేసుకున్న 5,137 మందిలో 154 మందికి గుండెపోటు వచ్చింది, లేదా గుండె జబ్బుతో పోయారు. మందు వేసుకున్న 5,168 మందిలో 100 మందికి అలా జరిగింది.

మా వియ్యంకుడు గారికి ఈ అంకెలు ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆయన లెక్కల మాస్టారు కదా, పెన్ను తీసుకుని అర నిమిషంలో తేల్చారు. "అంటే వందలో ముగ్గురికి వచ్చేది ఇద్దరికి వచ్చింది. అంతే కదా బావగారూ?" అంతే. ముగ్గురు ఇద్దరయ్యారు, మూడింట ఒక వంతు తగ్గింది, అందుకే 36 శాతం. అదే మాటను ఇంకోలా చెబితే, వంద మంది మూడేళ్లకు పైగా రోజూ మాత్ర మింగితే ఒకరికి మేలు జరిగింది, 97 మందికి ఎలాగూ వచ్చేది కాదు, ఇద్దరికి మందు వేసుకున్నా వచ్చింది.

వందలో ఒక్కరు అంటే తక్కువ అని నేను అనడం లేదు. ఆ ఒక్కరి ఇంట్లో వాళ్లను అడగండి. స్టాటిన్లు, అంటే ఈ కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రలు, మంచి మందులు. నేను వందలమందికి రాశాను, ఇవాళ నేనూ వేసుకుంటున్నాను. కానీ ఆ అధ్యయనంలో ఉన్నవాళ్లు ఎవరు? అందరూ 40 నుంచి 79 ఏళ్ల మధ్య వాళ్లు, అందరికీ బీపీ ఉంది, దానికి తోడు ఇంకో మూడు ప్రమాద కారణాలైనా ఉన్నాయి. రిపోర్టులో కొలెస్ట్రాల్ గీత దాటిందని భయపడుతున్న 32 ఏళ్ల సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఆ లెక్కలోకి రాడు. ఆ అబ్బాయి నా ఎదురుగా కూర్చుంటే ఈ సంగతి చెబుతాను. టీవీ చెప్పదు. డాక్టరు ముఖం పక్కన 36 అని కనిపిస్తే ఆ అబ్బాయి తనకే అనుకుంటాడు.

జార్విక్ కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు, అక్కడ తప్పు ఆయనకు లైసెన్సు లేకపోవడం సార్, నిజమైన కార్డియాలజిస్టు అయి ఉంటే ఇబ్బంది ఏముంది అని. అమెరికా మందుల కంపెనీల సంఘం కూడా దాదాపు ఆ దారిలోనే ఆలోచించింది. 2008 చివర్లో తమ నియమావళి సవరించుకుని, డాక్టరు వేషం వేసింది నటుడైతే ఆ సంగతి చెప్పాలి, పేరున్న మనిషి ఏదైనా అంటే అది అతని సొంత అనుభవమై ఉండాలి అని రాసుకున్నారు. మంచిదే. కానీ నా ప్రశ్నకు అది జవాబు కాదు.

అన్నీ సరిగ్గా ఉన్న డాక్టరునే ఊహించుకోండి. నిజంగా కార్డియాలజిస్టు. పదేళ్లుగా అదే మాత్ర వేసుకుంటున్నాడు. నిజంగానే పడవ నడుపుతాడు. డబ్బు కూడా తీసుకోలేదు. ఆయన టీవీలో ఆ మాట చెప్పవచ్చా? చెప్పకూడదు అంటాను.

మనం చీటీ రాసేటప్పుడు ఏం చేస్తామో గుర్తు తెచ్చుకోండి. స్టాటిన్ రాయబోయే ముందు, వచ్చింది మహిళ అయితే, గర్భం కోసం ప్రయత్నిస్తోందా అని అడుగుతాం. లివర్ సంగతి అడుగుతాం. ఇంతకుముందు ఒళ్లు నొప్పులు, కండరాల నొప్పులు వచ్చాయా అని అడుగుతాం. వేరే ఏ మందులు వాడుతున్నారో చూస్తాం, ఎందుకంటే క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ తోడైతే కొన్ని స్టాటిన్లతో ప్రమాదం. నెలనెలా కొనగలరా అని కనుక్కుంటాం. ఇవన్నీ అడిగాక కొన్నిసార్లు పెన్ను కింద పెట్టేసి, "అవసరం లేదమ్మా, మూడు నెలలు అన్నం తగ్గించి నడవండి, మళ్లీ చూద్దాం" అంటాం. ఆ వద్దు అనే మాట కూడా చీటీలో భాగమే. ప్రకటనకు వద్దు అనడం రాదు, ఎందుకంటే అది ఎవరినీ ఏమీ అడగదు. చీటీ అంటే ఒక మనిషిని చూశాక ఆ మనిషికే చెప్పే మాట. ప్రకటనలో డాక్టరు చూడని మనుషులకు, వాళ్ల సంగతి తెలియకుండా అదే మాట చెబుతాడు. లైసెన్సు ఉన్నా లేకపోయినా అది చూడకుండా రాసిన చీటీయే.

మన ఊళ్లలో "ఆ డాక్టరు హస్తవాసి మంచిది" అంటారు. మీలో కొందరు దాన్ని మూఢనమ్మకం అనుకోవచ్చు. నేనూ మీ వయసులో అలాగే అనుకున్నాను. తర్వాత తెలిసింది, అందులో చాలా భాగం ఆ డాక్టరు నాడి పట్టుకుని కూర్చున్న ఆ రెండు నిమిషాలదేనని. నా చెయ్యి పట్టుకున్నాడు, నా మాట విన్నాడు, కాబట్టి ఇచ్చిన మందు నాకోసమే ఇచ్చాడు అన్న ధైర్యం. ఆ ధైర్యం డాక్టరు ఒక్కడి సంపాదన కాదు. ఆయన ముందు తరాల వైద్యులు, నర్సమ్మలు, అర్ధరాత్రి సైకిళ్ల మీద పల్లెలకు వెళ్లిన ఆర్‌ఎంపీలు కూడా కలిసి కూడబెట్టింది. తెల్లకోటు వేసుకున్న రోజున అది మనకు అప్పుగా వస్తుంది. అప్పు తెచ్చుకున్నదాన్ని ఇంకొకరికి అమ్మడానికి మనకు హక్కు లేదు.

సిగరెట్ల కంపెనీలు కూడా ఒకప్పుడు ఈ కోటు మీదే ఆధారపడ్డాయి. 1930లో లక్కీ స్ట్రైక్ వాళ్లు 20,679 మంది వైద్యులు మా సిగరెట్ గొంతును తక్కువ బాధిస్తుందంటున్నారని ప్రకటన వేశారు. 1946లో క్యామెల్ వాళ్లు డాక్టర్లు ఎక్కువగా తాగేది మాదే అన్నారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక 1953 దాకా సిగరెట్ ప్రకటనలు వేసుకుంది. అదే అసోసియేషన్ 1847లో రాసుకున్న మొట్టమొదటి నియమావళిలో, రహస్య ఔషధాలు పనిచేస్తాయని డాక్టర్లు సర్టిఫికెట్లు ఇవ్వడం వృత్తికి అగౌరవం అని ఉంది. నూరేళ్లలో ఎంత దూరం జారిపోయారో చూడండి. 2015లో మళ్లీ వాళ్లే, చీటీ మందుల టీవీ ప్రకటనలను నిషేధించాలని తీర్మానం చేశారు.

ప్రకటన చూసి రోగి అడిగితే ఏమవుతుంది, చివరికి రాసేది డాక్టరే కదా అని ఇంకో వాదన ఉంది. దానికి 2005లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చదవండి. రిచర్డ్ క్రావిట్జ్, ఆయన సహచరులు చేశారు. నటనలో శిక్షణ ఇచ్చిన మహిళలను రోగుల్లా 152 మంది డాక్టర్ల దగ్గరికి పంపారు. మొత్తం 298 సార్లు. కొందరు నిజమైన డిప్రెషన్ లక్షణాలు చెప్పారు. మరికొందరు కష్టం వచ్చి కొద్దిరోజులుగా దిగులుగా ఉన్న మనిషి లక్షణాలు చెప్పారు. ఈ రెండో రకానికి సాధారణంగా డిప్రెషన్ మాత్ర అవసరం ఉండదు. ఏమీ అడగకపోతే వాళ్లలో 10 శాతం మందికే మాత్ర రాశారు. టీవీలో చూశానని ప్యాక్సిల్ అనే డిప్రెషన్ మాత్ర పేరు చెప్పి అడిగితే 55 శాతం మందికి రాశారు. వాళ్లంతా నిన్న మొన్న పట్టా తీసుకున్నవాళ్లు కాదు, అనుభవమున్న డాక్టర్లు. మన పెన్ను మనం అనుకున్నంత గట్టిది కాదు.

అదే అధ్యయనం ఇంకో సంగతి కూడా చెప్పింది, దాచడం న్యాయం కాదు. నిజమైన డిప్రెషన్ లక్షణాలు చెప్పినవాళ్లు ఏదైనా మందు ఇవ్వండి డాక్టర్ అని అడిగినప్పుడు 76 శాతం మందికి మందు రాశారు, అడగకపోతే 31 శాతం మందికే. అంటే రోగి నోరు తెరిచి అడగడం వల్ల మేలు జరిగింది. కానీ ఆ మేలు బ్రాండు పేరు చెప్పినప్పుడు కాదు, బ్రాండు లేకుండా సాయం అడిగినప్పుడు ఎక్కువ జరిగింది. జబ్బు గురించి జనానికి చెప్పండి, ఎంతైనా చెప్పండి. మాత్ర పేరు చెప్పడానికి ఆ సాకు పనికిరాదు.

ఇక నా సంగతి. ఇది చెప్పకుండా ఇంతసేపు నీతులు చెప్పే అర్హత నాకు లేదు.

2003లో ఒక కంపెనీ వాళ్లు మా ఊళ్లో హోటల్లో సీఎంఈ, అంటే డాక్టర్లకు కొత్త విషయాలు చెప్పే సభ, పెట్టారు. కీళ్ల నొప్పుల మీద మాట్లాడమన్నారు. అప్పట్లో రోఫెకాక్సిబ్ కొత్త మందు. అమెరికాలో వయాక్స్ అన్నది అదే, మన దగ్గర చాలా కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్మేవి. కడుపులో పుండ్లు తక్కువగా వస్తాయని దానికి పేరు. నేను మాట్లాడాను. తర్వాత వాళ్ల మెడికల్ రెప్ కుర్రాడు ఇంటికొచ్చి, "సార్, ఒక్క వాక్యం రాసివ్వండి, ఫోటోతో కరపత్రం వేస్తాం" అన్నాడు. మంచి కుర్రాడు, టార్గెట్ల టెన్షన్‌లో ఉన్నాడు. రాసిచ్చాను. వృద్ధుల మోకాళ్ల నొప్పికి సురక్షితమైన మందు అని. అందులో సురక్షితమైన అనే మాట నాదే, ఎవరూ బలవంతపెట్టలేదు.

అప్పటికి మూడేళ్ల కిందటే, 2000లో, విగర్ అనే అధ్యయనం వచ్చింది. అందులో నాప్రోక్సెన్ అనే పాత నొప్పి మందు వాడినవాళ్లలో గుండెపోట్లు 0.1 శాతం, రోఫెకాక్సిబ్ వాడినవాళ్లలో 0.4 శాతం. నేను ఆ పేపరు చదివాను. నాప్రోక్సెన్ గుండెను కాపాడుతోంది కాబట్టి అలా కనిపిస్తోందని కంపెనీ ఇచ్చిన వివరణ కూడా చదివి, సరే అనుకున్నాను. నా గదిలో నేను అలా అనుకోవడం ఒకటి. ఫోటో కింద అచ్చు వేయించడం వేరు.

2004 సెప్టెంబరు 30న మెర్క్ కంపెనీ వయాక్స్‌ను ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది. పద్దెనిమిది నెలలకు మించి వాడినవాళ్లలో గుండెపోట్లు, పక్షవాతాలు పెరిగాయని తేలింది. మన ప్రభుత్వం అదే డిసెంబరులో నిషేధించింది. అమెరికాలో ఎఫ్‌డీఏలోనే పనిచేసే డేవిడ్ గ్రాహం, ఆయనతో కలిసి లెక్కగట్టినవాళ్లు, ఆ ఒక్క దేశంలోనే 88,000 నుంచి 1,40,000 దాకా అదనపు గుండె జబ్బు కేసులు దానివల్ల వచ్చి ఉంటాయని అంచనా వేశారు.

ఆ అక్టోబరులో నా ఓపీకి ఒక ఆర్టీసీ రిటైర్డ్ కండక్టరు వచ్చారు. జేబులోంచి స్ట్రిప్పు తీసి, "ఇది ఆపేయమంటున్నారు సార్ పేపర్లో, ఏం చేయమంటారు?" అన్నారు. ఎవరు రాశారు అని అడిగాను. "మీరే కదా సార్" అన్నారు. నేను ఆయన్ను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అదే చెప్పాను. "బస్టాండు దగ్గర మెడికల్ షాపులో మీ ఫోటో ఉంది కదా సార్. పెద్ద డాక్టరు గారు చెప్పారని తీసుకున్నాను. ఏడాదిగా వాడుతున్నా" అన్నారు.

ఆయనకు అంతకు నాలుగేళ్ల ముందే ఒకసారి గుండెపోటు వచ్చింది.

నా ఎదురుగా కూర్చుని ఉంటే అది నేను అడిగే రెండో ప్రశ్న. గుండె జబ్బు ఉందని తెలిస్తే అప్పటికి నాకున్న జ్ఞానంతోనైనా వెనకాడేవాణ్ని. ఈసీజీ తీయించాను, పరీక్షలు చేయించాను. దేవుడి దయ, ఆయనకు ఏమీ కాలేదు. కానీ ఆ కరపత్రాలు ఎన్ని వేశారో, ఏ ఏ ఊళ్ల షాపులకు వెళ్లాయో నాకు తెలియదు. నేను చూసిన రోగినైతే ఫోన్ చేసి పిలిపించి మందు ఆపించగలను. చూడని రోగిని ఎక్కడని వెతకను? ఆయనైతే వచ్చాడు. రానివాళ్ల సంగతి ఇరవై ఏళ్లు దాటినా నాకు అంతు చిక్కలేదు.

నేను ఆ వాక్యం రాసేనాటికే మన దేశంలో డాక్టర్లకు 2002 వృత్తి నిబంధనలు అమల్లో ఉన్నాయి. చదవలేదు. మీరు చదవండి. డబ్బుకు గానీ ఊరికే గానీ, ఏ మందుకూ, ఏ వైద్య పరికరానికీ, అసలు ఏ వ్యాపార వస్తువుకూ డాక్టరు తన పేరుతో, సంతకంతో, ఫోటోతో ప్రకటనలో వాడుకునే సిఫార్సు ఇవ్వకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఊరికే ఇచ్చినా అన్న మాట గమనించండి. డబ్బు తీసుకోలేదు కదా అన్న సమర్థన దగ్గర ఆ వాక్యం తలుపు మూసేసింది. 2009 డిసెంబరులో కంపెనీల బహుమతులు, ప్రయాణాల మీద నిబంధనలు చేర్చినప్పుడు ఈ మాట మళ్లీ చెప్పారు. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చి కొద్దివారాల్లోనే పక్కన పెట్టింది, కాబట్టి ఇవాళ్టికీ మీకు వర్తించేది ఆ పాతదే. షెడ్యూల్ హెచ్ మందులను, అంటే చీటీ మీదే అమ్మాల్సినవాటిని, కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రకటించడం కంపెనీలకూ కుదరదు.

ఇంత చట్టం ఉన్నా దారులు వెతుకుతూనే ఉంటారు. పళ్లు జివ్వుమంటే వాడే సెన్సోడైన్ పేస్టు ప్రకటనల్లో విదేశీ దంతవైద్యులు కనిపించేవాళ్లు, గుర్తుందా? మన దంతవైద్యులు అలా చెప్పకూడదు, కాబట్టి బయటి వాళ్లతో చెప్పించారు. 2022లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ అథారిటీ, ఇక్కడి డాక్టర్లకు లేని వీలు విదేశీ డాక్టర్లతో తెచ్చుకోవడం కుదరదని ఆపించింది. తప్పుదోవ పట్టించే మాటలకు 10 లక్షల జరిమానా కూడా వేసింది.

ఇప్పుడు దారి మీ జేబులోనే ఉంది. ఫోన్. మీలో కొందరికి అప్పుడే ఛానళ్లు ఉన్నాయని విన్నాను. తప్పు లేదు. తెలుగులో షుగరు గురించి, బీపీ గురించి తేటగా చెప్పేవాళ్లు కావాలి. పక్షవాతం వచ్చిన మొదటి గంటల్లో ఏం చేయాలో మీరు చెబితే ప్రాణాలు నిలుస్తాయి. కానీ వీడియో చివర్లో ఒక డబ్బా చేతిలోకి వస్తుంది చూడండి, అక్కడ మీరు కరపత్రం మీద నా ఫోటో అయిపోతారు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు 2025లో మన దేశంలోకి కొత్త బ్రాండ్లతో వచ్చాయి. అవి పనిచేస్తాయి, కొందరికి నిజంగా అవసరం. పెళ్లికి ముందు నాలుగు కిలోలు తగ్గాలనుకునే అమ్మాయికి అవసరం లేదు. మీ రీలు చూసేవాళ్లలో ఆ ఇద్దరూ ఉంటారు, ఎవరు ఎవరో మీకు కనిపించదు.

డాక్టరు జనంలోకి వచ్చి మాట్లాడకూడదా అంటే, తప్పకుండా మాట్లాడాలి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారిని చూడండి. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి చక్కెర నీళ్లు అమ్ముతున్నారని, విరేచనాలైన పిల్లలకు అవి తాగిస్తే ఇంకా ప్రమాదమని ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. ఆవిడ కూడా ముఖం చూపించి, కెమెరా ముందే మాట్లాడారు. ఏదీ కొనమని చెప్పలేదు, కొనేముందు సీసా మీద ఏముందో చదవమన్నారు.

రేపు మీరు ఉద్యోగంలో చేరాక ఒక ఫోటో అడుగుతారు, ఒక వాక్యం అడుగుతారు, పెద్ద హోటల్లో కుర్చీ వేస్తారు. అడిగే కుర్రాడు మర్యాదగా ఉంటాడు, మీకు కాదనడానికి మొహమాటంగా ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది. అప్పుడు ఒక పని చేయండి. "ఈ మాట ఎవరు చదువుతారు, వాళ్లలో ఒకరికి ఇది పడకపోతే నాకు ఎలా తెలుస్తుంది?" అని ఆ కుర్రాణ్నే అడగండి. అతని దగ్గర జవాబు ఉండదు.

బస్టాండు దగ్గర షాపుకు ఆ సాయంత్రమే వెళ్లాను. కౌంటరు వెనక అద్దానికి టేపు వేసి అంటించి ఉంది. షాపాయన మొహమాటపడుతూ, తీసేయాలా సార్, మీ ఫోటో కదా అని ఉంచాను అన్నారు. నేనే తీశాను. టేపు అద్దానికే అంటుకుపోయి ఒక మూల చిరిగింది. ఇదిగో, తెచ్చాను. ముందు వరుస నుంచి చేతులు మారుస్తూ అందరూ చూడండి. చూశాక మళ్లీ నాకు ఇచ్చేయండి, వచ్చే ఏడు బ్యాచ్‌కి కావాలి.